అప్‌డేట్: 8 అంగుళాల గిటార్ ఆంప్‌లో గరగర, ఏ స్పీకర్ వేస్తే పోయిందంటే

నా 15 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) గరగరలాడుతోంది, ఏ స్పీకర్ వెయ్యాలని అడిగాను కదా, తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్పీకర్ కోన్‌ని (ముందుండే కాగితపు గరాటుని) రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కి చూడమన్న మాటే పనికొచ్చింది: ఇసుక రాసినట్టు చప్పుడు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మెకానిక్ చూసి, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) లోపల రాసుకుంటోందన్నారు. మల్టీమీటర్‌లో మాత్రం 3.4 ఓమ్‌లు, అంటే 4 ఓమ్‌ల స్పీకర్‌కి మామూలే. రీడింగ్ బాగుందని వదిలేయకండి. పాట్ (వాల్యూమ్ లాంటి నాబ్‌ల వెనకుండే భాగం) క్లీనింగ్, కెపాసిటర్ల మార్పు అక్కర్లేకపోయింది.

ముందు కారు స్పీకర్ వేసి చూస్తే డిస్టార్షన్ (గిటార్‌కి కావాలని పెట్టే బరబర సౌండ్) చెవిలో గుచ్చింది. గిటార్ స్పీకర్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన ఉండే కీచు శబ్దం తగ్గిపోతుంది, కారు స్పీకర్‌లో తగ్గదు. చివరికి జెన్సెన్ సి8ఆర్, 25 వాట్లు, 4 ఓమ్‌లది వేశాం. 8 ఓమ్‌లదైతే పవర్ దాదాపు సగమయ్యేది. స్క్రూలు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒకవైపే లాగితే ఫ్రేమ్ వంగి మళ్లీ అదే గరగర.