ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 'స్కాట్' గానం: మన కల్పనస్వరం లాంటిదేనా?

ప్రశ్న:
నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. ఈమధ్య అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాటల మీద పడ్డాను. ఆవిడ మధ్యలో సాహిత్యం వదిలేసి షూబీ డూబీ అంటూ ఏదేదో అందుకుంటారు. దీన్నే స్కాట్ (scat) అంటారట. ఇది అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే మన కల్పనస్వరం లాంటిదేనా? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ముందుగా ఏది వినమంటారు?

జవాబు 1:
అప్పటికప్పుడు అల్లుకుపోవడం వరకూ రెండూ ఒకటేనండీ. కానీ మనకి 'గ' అంటే గాంధారమే పలకాలి. స్కాట్‌లో అక్షరానికీ స్వరస్థానానికీ లంకె లేదు. ట్రంపెట్టో సాక్సఫోనో పలికినట్టు గొంతు పలకాలి, అంతే.

గురువు దగ్గర కూర్చుని నేర్చింది కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ తెచ్చిన రికార్డుల్లో బోస్వెల్ (Connee Boswell) అనే గాయని గొంతు విని అలాగే పాడాలని చూసేవారట. 1932లో ఆ తల్లి పోయింది. తర్వాత బాలికల సంస్కరణాలయం, అక్కణ్ణుంచి పారిపోయి న్యూయార్క్‌లోని హార్లెం వీధులు. 1934 నవంబరులో అపోలో థియేటర్ పోటీకి వెళ్లింది డాన్స్ చేద్దామనే. తన ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ ఆడిన తీరు చూసి ధైర్యం చాలక పాట అందుకున్నారు. ఫస్ట్ ప్రైజ్! మరుసటి ఏడాది డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండ్‌లో చేరారు. 1939లో ఆయన పోయాక 22 ఏళ్ల వయసులో ఆ బ్యాండ్ ఆవిడ పేరు మీదే నడిచింది. 1940ల్లో ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ బృందంతో తిరిగినప్పుడు వాళ్ల వాద్యాలు చేసేదంతా గొంతుతో పట్టుకున్నారు. నన్నడిగితే అసలు చదువు అదే.

ముందు 1960 బెర్లిన్ కచేరీ వినండి. 'మాక్ ద నైఫ్' సగంలో సాహిత్యం మరిచిపోయారు. ఆగలేదు. మాటలు గుర్తు లేవన్న సంగతినే పాటలో పెట్టేసి, జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతు కూడా అనుకరించి, తాళం చెదరకుండా గట్టెక్కారు. దానికే గ్రామీ వచ్చింది.

జవాబు 2:
స్కాట్‌తోనే ఆగకండి. ఒక్కో పాటల రచయిత పాటలతో చేసిన సాంగ్‌బుక్ ఆల్బమ్‌లు, 1956లో కోల్ పోర్టర్‌తో మొదలై 1964 దాకా వచ్చినవి, తప్పకుండా వినాలి. ఒక్క మాట కూడా నలగదు. ఇంకోటి: నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ విడిగా కూర్చోబెడితే కచేరీ లేదని ఆవిడ మేనేజర్ నార్మన్ గ్రాంజ్ పట్టుబట్టేవాడు. అలాంటి ఒక కచేరీ అప్పుడే, 1955లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, పోలీసులు డ్రెస్సింగ్ రూంలోకి దూరి ఆవిణ్ణి అరెస్ట్ చేశారు. స్టేషన్‌కి తీసుకెళ్లి ఆటోగ్రాఫ్ అడిగారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. బెర్లిన్‌ది విన్నాను, రెండుసార్లు వెనక్కి తిప్పాను. వాద్యాలెవరు?

జవాబు 1:
పియానో పాల్ స్మిత్, గిటార్ జిమ్ హాల్, బేస్ విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్, డ్రమ్స్ గస్ జాన్సన్. అదే కచేరీలో 'హౌ హై ద మూన్' కూడా వినండి. స్కాట్ మధ్యలో వేరే పాటల ముక్కలు వచ్చి పోతుంటాయి. 'స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్' వచ్చే చోట పొగకి బదులు చెమట కళ్లల్లో పడుతోందని మార్చి పాడతారు, జాగ్రత్తగా వినండి.