సమస్యాపూరణం: సున్నమన్నమందు సొంపు గూర్చె

నిర్వాహకుడు: ఆకులో సున్నం ఎక్కువై నాలుక పొక్కిన పూట తట్టిన పాదం ఇది.

*సున్నమన్నమందు సొంపు గూర్చె*

సున్నం తిండిలో పడాలి, తిన్నవారు క్షేమంగా ఉండాలి, ఆ వంట లోకంలో ఎక్కడో ఒకచోట నిజంగా ఉన్నదై ఉండాలి. పదాన్ని విరిచి 'సున్న'గా చేసి తప్పించుకునే పూరణలను చదవకుండానే తీసేస్తాను. పోయినసారి అవే కుప్పలు పడ్డాయి.

కాజీపేట జంక్షన్:

*విందు ముగిసినంత విడెమందుకొన్నారు*
*పోక ముక్క నోట పొగరు చూపె*
*ఆకు వక్క మధ్య నరుణిమ నింపుచు*
*సున్నమన్నమందు సొంపు గూర్చె*

నిర్వాహకుడు: నడక బాగుంది. కానీ తాంబూలం వస్తుందని పాదం రాసేటప్పుడే అనుకున్నాను, మొదటి పూరణగానే వచ్చింది. పైగా విందు ముగిసిందని మీరే చెప్పారు. విస్తరి ఎత్తేశాక అన్నమందు ఏమి మిగులుతుంది?

మడికొండ మాస్టారు: తాంబూలం దాటి ఆలోచించేవారి కోసం:

*మెక్సికోన మక్క మేలుగా నుడికించి*
*రాత్రి నానబెట్ట రాలె పొట్టు*
*రొట్టె సాగి వచ్చె రోగమ్ము తొలగెను*
*సున్నమన్నమందు సొంపు గూర్చె*

అక్కడివారు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే రాత్రంతా ఉంచుతారు. పైపొర ఊడిపోతుంది, రుబ్బితే పిండి ముద్ద కడుతుంది. తోర్తియా ఆ ముద్దతో చేసిందే. మన మక్కరొట్టె ఒత్తుతుండగానే అంచులు ఎందుకు చిట్లుతాయో మీ ఇళ్లలో అడిగి చూడండి.

పరకాల పద్యప్రియ: మాస్టారు గారూ, ఈసారి మక్కలను మెక్సికోలోనే ఉంచారు, సంతోషం. రుద్రమదేవి విందులో మిరపకాయ బజ్జీలు వడ్డించిన మీ పాత పూరణను ఇక్కడెవరూ మరచిపోలేదు. కాకతీయ రాజ్యం 1323లోనే ముగిసింది. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో, మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువారు. వాస్కో డ గామా కాలికట్ తీరం చేరిందే 1498లో. ఆ మహారాణికి కారం కావాలంటే మిరియాలే గతి.

ఇక ఈ పద్యం. మూడో పాదంలో 'తొలగెను' అన్నారు. ఉన్న రోగం కదా తొలగేది? మెక్సికోలో సున్నం వేసి వండుకున్నంత కాలం ఆ రోగం వారి గడప తొక్కలేదు. మక్కలను ఐరోపాకు తీసుకుపోయినవారు సున్నం సంగతి అక్కడే వదిలేశారు. మక్కల్లోని నయాసిన్ అనే విటమిన్ సున్నపు నీళ్లలో ఉడికితేనే ఒంటికి పడుతుంది. అది అందక, మక్కల మీదే బతికిన స్పెయిన్, ఇటలీ పేదలకు పెల్లాగ్రా పట్టింది. చర్మం పొరలు లేస్తుంది, విరేచనాలు, ముదిరితే మతి చెడుతుంది. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ దాన్ని 1735లోనే గుర్తించి వర్ణించాడు. కాబట్టి 'రోగమ్ము చేరదు' అనండి. గణాలూ చెడవు, చరిత్రా చెడదు.

మడికొండ మాస్టారు: బజ్జీ పద్యంలో యతి, గణాలు నిర్దోషం. చరిత్ర పరీక్ష ఉందని నిర్వాహకులు ముందుగా చెప్పలేదు. 'చేరదు' సవరణను పరిశీలిస్తాను.

పెల్లాగ్రా మక్కలు తినేవారి జబ్బే అన్నట్టు రాశారు. మన దక్కనులో జొన్నన్నం మీద బతికినవారికీ అది వచ్చింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్ బృందం దాన్ని పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ కావడం కారణమని ప్రతిపాదించింది. అది కూడా కలిపి చెప్పి ఉంటే నిండుగా ఉండేది, అమ్మా.

కాజీపేట జంక్షన్: నా తాంబూలంలో అన్నం లేదని కొట్టేశారు. మాస్టారి రొట్టెలో ఉందా?

నిర్వాహకుడు: తినేదంతా అన్నమే అని మాస్టారు ఉపనిషత్తులు తీస్తారు. అంత దూరం వెళ్లకుండానే ఒప్పుకుంటున్నాను.

భద్రకాళి చెరువు:

*చీన వారి యింట చిన్న బాతుల గుడ్డు*
*బూడిదుప్పు మట్టి పూసి దాచ*
*తెల్లసొన నిగ్గు తేనె రంగున నిల్చె*
*సున్నమన్నమందు సొంపు గూర్చె*

బాతుగుడ్లకు సున్నం, బూడిద, ఉప్పు, మట్టి కలిపి పూసి వారాల తరబడి ఉంచుతారు. పొయ్యి అక్కరలేదు, ఆ క్షారానికే లోపల గడ్డకడుతుంది. ముక్కలు కోసి గంజన్నంలో వేసుకుంటారు. అన్నం అడిగేవారికి ఇదిగో అన్నం.

కాజీపేట జంక్షన్: బూ, పూ యతి కుదిరిందా?

మడికొండ మాస్టారు: కుదిరింది. ప, బ ఒకే గూటివి. మీరు చూడవలసింది మూడో పాదం. 'తెల్ల' తరువాత 'సొన' రెండూ లఘువులే, వెంటనే 'నిగ్' గురువు. సూర్యగణం ఉండవలసిన చోట సగణం కూర్చుంది. 'తెల్లసొనయె నిగ్గు' అంటే సరిపోయేది. గుడ్డు పగలకుండా చైనా దాకా వెళ్లింది, గణం మాత్రం ఇక్కడే పగిలింది.

భద్రకాళి చెరువు: మా వైపు 'సొన'ను కాస్త సాగదీసి పలుకుతారు.

మడికొండ మాస్టారు: మీ వైపూ మా వైపూ ఒకటే. నడిచి వచ్చేంత దూరం.

పరకాల పద్యప్రియ: ఆగ్రా పేఠా ఎవరికీ తట్టలేదా? బూడిద గుమ్మడి ముక్కలను సున్నపు నీళ్లలో నానబెట్టకపోతే పాకంలో చెదిరిపోతాయి. నానినవి కరకరలాడుతూ నిలుస్తాయి. పద్యం రాద్దామని కూర్చుంటే 'పేఠా'కు యతి దొరికింది కానీ అన్నం దొరకలేదు. అందుకే పంపలేదు. కొందరిలా రొట్టెతో సరిపెట్టలేను.

హుస్నాబాద్ హాలికుడు: ఇల్లు దాటకుండానే:

*చెరకు రసము మరుగ చిటికెడు వైచిరి*
*మలినమెల్ల పైకి మళ్లి వచ్చె*
*పసిడి బెల్లమాయె పరమాన్న మమరెను*
*సున్నమన్నమందు సొంపు గూర్చె*

బెల్లం వండేచోట చూసినవారికి తెలుసు. మరుగుతున్న చెరకు రసంలో కొంచెం సున్నం పడితే పులుపు విరుగుతుంది, మురికి తెట్టుగా పైకి తేలుతుంది, బెల్లం గట్టిగా అచ్చు కడుతుంది. సున్నం మించితే మాత్రం నల్లబడుతుంది. కొందరు బెండ జిగురుతోనూ తెట్టు తీస్తారు.

పరకాల పద్యప్రియ: ఇది పూరణ అంటే! అన్నం మూడో పాదంలోనే కూర్చుని ఉంది, ఉపనిషత్తు అక్కరలేదు. 'చిటికెడు'లో మోతాదు కూడా చెప్పేశారు.

భద్రకాళి చెరువు: తిరగేసినా పనికొస్తుంది. పాత కట్టడాల గచ్చు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. సున్నం బెల్లానికి బాకీ తీర్చుకుంటున్నట్టుంది.

మడికొండ మాస్టారు: బాగుంది, బాగుంది. ఒక్క సందేహం. 'వైచిరి' బహువచనం. ఎవరు వేశారు? నాలుగు పాదాలు వెతికినా కర్త దొరకలేదు.

నిర్వాహకుడు: మొదటి స్థానం హాలికుడు గారిది. 'చేరదు' సవరణతో అయితే మాస్టారిది రెండోది, సవరణ లేకుండా అయితే మూడోది. మధ్యలో పద్యప్రియ గారి వ్యాఖ్య ఉంటుంది.

హుస్నాబాద్ హాలికుడు: మాస్టారూ, సున్నం వేసింది పెనం దగ్గర తెల్లవార్లూ గరిటె తిప్పేవారు. అంతమంది పేర్లు ఆటవెలదిలో పట్టవు.

మడికొండ మాస్టారు: సీసంలో పట్టిస్తాను. పేర్లు పంపండి.