ఇంటికీ వేదికకూ ఒకే మోడలింగ్ యాంప్ సరిపోతుందా?

గుంటూరు సభ్యుడు (ప్రశ్న):

మా చర్చిలో ఆదివారం ఆరాధనకు, అప్పుడప్పుడు ఫంక్షన్ హాళ్లలో జరిగే రిసెప్షన్లకు గిటార్ వాయిస్తుంటాను. ఉండేది అపార్ట్‌మెంట్‌లో కనుక రాత్రిపూట సాధన మెల్లగా సాగాలి. ఇంటికి చిన్నదొకటి, వేదికకు పెద్దదొకటి కొనమని కొందరు, డిజిటల్ మోడలింగ్ యాంప్ (రకరకాల యాంప్‌ల ధ్వనిని లెక్కలతో అనుకరించేది) ఒక్కటే రెండింటికీ చాలునని మరికొందరు అంటున్నారు. నిత్యం వాడుతున్నవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

విశాఖ సభ్యుడు:

నేను రెండు యాంప్‌ల పక్షమే. యమహా టీహెచ్‌ఆర్ వంటివి తక్కువ శబ్దంలోనూ నిండుగా వినిపించేలా ఇంటి కోసమే తయారయ్యాయి. 12 అంగుళాల స్పీకరున్న యాంప్‌ను పక్క ఫ్లాట్‌కు వినపడనంతగా తగ్గించి వాయిస్తే ధ్వని పలచబడిపోతుంది. ఇక వేదిక మీద ట్యూబ్ యాంప్‌కు (పాతకాలపు వాల్వులతో పనిచేసేదానికి) సాటి లేదన్నది నా నమ్మకం: పిక్ మెల్లగా తగిలితే తేటగా, గట్టిగా పడితే గరగరగా, అది చేతిని అనుసరించి పలుకుతుంది. పైగా డిజిటల్ బోర్డు పాడైతే దాన్ని మార్చడమే తప్ప బాగుచేసేవారు దొరకరు. ట్యూబ్ యాంప్‌నైతే పాత వాల్వు రేడియోలు చూసిన మెకానిక్ కూడా విప్పి చూడగలడు.

హైదరాబాద్ సభ్యురాలు:

విశాఖ సభ్యుడుగారు స్పీకరు గురించి చెప్పినదాన్ని ఒప్పుకుంటాను గాని, అందులోంచి రెండు యాంప్‌లు కొనాలన్న నిర్ణయానికి రావడాన్ని ఒప్పుకోలేను. ట్యూబ్ యాంప్ ఆ గరగర ధ్వనిని ఇవ్వాలంటే దాన్ని చాలావరకు పెంచి వాయించాలి, అపార్ట్‌మెంట్‌లో అది కుదరని పని. మోడలింగ్ యాంప్‌లో ఆ గరగర (డిస్టార్షన్) లెక్కల ద్వారా పుడుతుంది కాబట్టి, శబ్దం తగ్గించినా దాని స్వభావం చాలావరకు నిలుస్తుంది.

అయితే ధ్వని పలచబడటానికి స్పీకరు ఒక్కటే కారణం కాదు, మన చెవి కూడా కారణమే. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) రెండూ తగ్గి వినిపిస్తాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. రాత్రి గదిలో కూర్చుని ఆ లోటు పూడ్చడానికి బేస్, ట్రెబుల్ పెంచి సేవ్ చేసుకున్న ప్యాచ్‌ను (యాంప్‌లో దాచుకున్న సెట్టింగుల కూర్పును) ఆదివారం హాల్లో పెద్ద శబ్దంతో తెరిస్తే, కింది స్వరాలు గుంయ్‌మని మోగుతూ బేస్ గిటార్ మీద పడతాయి, పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి, అసలు గిటార్ వినిపించాల్సిన మిడ్ (మధ్య స్వరాల) భాగం మాత్రం కీబోర్డు వెనక ఎక్కడో ఉండిపోతుంది. మోడలింగ్ యాంప్ వేదిక మీద తేలిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా దృఢమైన అభిప్రాయం. ఆరాధనకు ముందు హాలు ఖాళీగా ఉన్నప్పుడే, డ్రమ్స్‌తో పాటు వాయిస్తూ, బేస్‌నూ, గెయిన్‌నూ (గరగరను పెంచే నాబ్) తగ్గించి, మిడ్ కాస్త పెంచి, హాలుకే ప్రతిధ్వని ఉంటుంది కనుక రివర్బ్ దాదాపు తీసేసి, ఆ ప్యాచ్‌ను వేరే పేరుతో దాచుకోండి. రెండు యాంప్‌లు కొనే బదులు రెండు ప్యాచ్‌లు ఉంచుకోవడమే మేలు.

వాట్ల అంకెను చూసి మోసపోవద్దు. 50 నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. అందుకే బాస్ కంపెనీవారి మోడలింగ్ యాంప్ కటానా 50లో శక్తిని 0.5 వాట్లకు తగ్గించే స్విచ్ స్థానం కూడా చాలామంది అనుకునేంత నిశ్శబ్దం కాదు, మాస్టర్ వాల్యూమ్‌ను కూడా తగ్గించుకోవాల్సిందే.

కొనేముందు యాంప్ వెనక వైపు చూడమని మాత్రం గట్టిగా చెబుతాను. చర్చిలోనైనా ఫంక్షన్ హాల్లోనైనా జనానికి వినిపించేది హాలు సౌండ్ సిస్టం, మీ యాంప్ మీకు వినిపిస్తే చాలు. కాబట్టి ధ్వనిని నేరుగా మిక్సర్‌కు పంపే లైన్ అవుట్ జాక్ ఉండాలి, దాన్ని వాడుతున్నప్పుడు స్పీకరు ఆగిపోకూడదు. కటానా 50 మార్క్ టూలో ఫోన్స్, రికార్డింగ్ రెండింటికీ ఒకే జాక్ ఉంది, అందులో కేబుల్ పెట్టగానే స్పీకరు మూగబోతుంది. అలాంటప్పుడు స్పీకరు ముందు మైక్ పెట్టడమే దారి. ఫెండర్ టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ అనే మోడలింగ్ యాంప్‌కు వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ పట్టే) లైన్ అవుట్ ఉంది, శక్తిని 0.2 వాట్ల దాకా తగ్గించే స్విచ్ ఉంది, ధర మాత్రం బాగా ఎక్కువ. దాని బరువు 10 కిలోలు దాటి కొంచెమే, అదే పేరున్న ట్యూబ్ యాంప్ 19 కిలోల దాకా తూగుతుంది. మూడో అంతస్తు నుంచి మోసుకెళ్లేవారికి ఇది చిన్న తేడా కాదు.

మరమ్మతు విషయంలో ఒక్క హెచ్చరిక. ట్యూబ్ యాంప్‌లో వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. దయచేసి తెలియనివారి చేత విప్పించకండి.

విశాఖ సభ్యుడు:

ప్యాచ్‌ల గురించి మీరు చెప్పింది నాకు కొత్త విషయం, ఉపయోగపడేది కూడా. అయినా ట్యూబ్ యాంప్ ముందు నిలబడి వాయించేటప్పుడు కలిగే స్పర్శానుభూతి మోడలింగ్‌లో పూర్తిగా వచ్చిందని ఇప్పటికీ అనను. ఇంకొక సందేహం. ఫంక్షన్ హాళ్లలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు డిజిటల్ యాంప్ ఆగిపోయి మళ్లీ మొదటినుంచి తెరుచుకోవాలి గదా! పాట మధ్యలో అలా జరిగితే ఏం చేస్తారు?

హైదరాబాద్ సభ్యురాలు:

స్పర్శ విషయంలో మీతో వాదించను. మీ చేతికి తేడా తెలుస్తున్నప్పుడు అది ఉన్నట్టే. జనరేటర్ సమస్య మాత్రం నిజమైనది. నేను కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్‌ను వెంట తీసుకెళ్తాను, ఆ కొద్ది క్షణాలకు అది చాలు. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ మీదకు మారినప్పుడు యాంప్‌లో హమ్ (ఆగకుండా వచ్చే సన్నని మోత) వినిపిస్తుంది కాబట్టి ఇంట్లోనే ప్లగ్ తీసి విని చూసుకోవాలి.

గుంటూరు సభ్యుడుగారికి ఇంకొక మాట. చిన్న మిక్సర్లలో కండెన్సర్ మైకులకిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌కు చాలావరకు అన్ని ఛానళ్లకూ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. ఆ వోల్టేజీ కేబుల్ వెంట వెనక్కి వచ్చి కొన్ని యాంప్‌ల లైన్ అవుట్‌ను పాడుచేయగలదు. మీ చర్చి మిక్సర్‌లో ఆ స్విచ్ ఎక్కడుందో సౌండ్ చూసేవారిని అడిగి తెలుసుకోండి, యాంప్ మాన్యువల్‌లో దీని గురించి ఏమీ లేకపోతే యాంప్‌కూ మిక్సర్‌కూ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (ఆ వోల్టేజీని అడ్డుకుని ధ్వనిని మాత్రమే పంపే చిన్న పెట్టె) పెట్టండి.