యోసెమిటీలో అబ్బాయి పెళ్ళి: పర్మిట్, తలంబ్రాలు, హోమం గురించి సందేహాలు

ప్రశ్న (నిజాంపేట నుంచి):
నమస్కారమండీ. మా అబ్బాయికి అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉద్యోగం. పెళ్ళి ఆ రాష్ట్రంలోనే ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కులోనే అని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. మాకు అభ్యంతరం లేదు కానీ తంతు మన పద్ధతిలో జరగాలి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమం, సప్తపది అన్నీ ఉండాలి. ఇక్కడి నుంచి 12 మందిమి వెళతాం, అక్కడివాళ్ళు 30 మంది. పర్మిట్ ఎలా తీసుకోవాలి? ఇక్కడి నుంచి ఏ సామాన్లు తీసుకెళ్ళాలి?

జవాబు:
పర్మిట్ దొరుకుతుందండీ. దాన్ని స్పెషల్ యూజ్ పర్మిట్ అంటారు. నలుగురే ఉన్నా పార్కులో పెళ్ళికి అది ఉండాల్సిందే. దరఖాస్తు రుసుము 150 డాలర్లు, పెళ్ళి వాయిదా పడినా తిరిగి రాదు. అందుకని ముందు మీ 12 మందికీ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా సంగతి తేలనివ్వండి, తేదీ ఆ తర్వాత ఖాయం చేసుకోవచ్చు.

ఫారంలో తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, చోటు, జనం, కార్ల సంఖ్య రాయాలి. చోటు దగ్గర "యోసెమిటీ వ్యాలీ" అని రాస్తే చాలదు. పెళ్ళిళ్ళకు ఇచ్చే చోట్ల జాబితా పార్కు వాళ్ళే పెట్టారు, ఒక్కోదానికి జనం హద్దూ కార్ల హద్దూ వేరు. 42 మందికి పురోహితుణ్ణి, ఫొటోగ్రాఫర్‌ని కలిపి లెక్క రాయండి. తక్కువ రాసి ఎక్కువ మందితో దిగితే రేంజర్ (పార్కు అధికారి) అక్కడికక్కడే ఆపేయగలడు. తేదీ విషయంలో మనవాళ్ళు తరచూ పొరబడతారు: 05/06 అంటే మనకు జూన్ 5, వాళ్ళకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయించండి. పార్కులోని గ్లేసియర్ పాయింట్ అనే చోటు మీద మనసుంటే చలికాలం వదిలేయండి, మంచుకు ఆ రోడ్డు మూసేస్తారు.

ముహూర్తం సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడి పంచాంగంలో సమయం చూసి పన్నెండున్నర గంటలు తీసేస్తే సరిపోదు. లగ్నం ఆ ఊరి సూర్యోదయాన్ని, అక్షాంశ రేఖాంశాలను బట్టి మారుతుంది. యోసెమిటీకే లెక్క కట్టించి, పగటిపూట పడే ముహూర్తాలు రెండు మూడు దగ్గర పెట్టుకోండి. పర్మిట్‌లో ఇచ్చిన సమయంలోనే సామాను దించడం, సర్దడం కూడా ముగియాలి. ముహూర్తానికి ముందు గంట, వెనక ముప్పావు గంట కలిపి అడగండి.

మరొకరి జవాబు:
పర్మిట్ ఇచ్చేది చోటుకు, తంతు మొత్తానికి కాదు. ఇది పురోహితుడికి ముందే చెప్పాలి. బియ్యం, పూలరేకులు చల్లకూడదు, కాబట్టి తలంబ్రాలు లేవు. నిప్పు క్యాంప్‌గ్రౌండ్ల నిప్పుగుంటల్లో, పిక్నిక్ చోట్ల పొయ్యిల్లో తప్ప పెట్టకూడదు. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా క్యాంప్‌గ్రౌండ్లలోనూ సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకే. పొద్దుటి ముహూర్తానికి హోమం కుదరదు. గుంజలు పాతి మండపం వేయకూడదు, చెట్లకు తోరణాలు కట్టకూడదు. మైకులో సన్నాయి వద్దు. డ్రోన్ అసలే వద్దు, 2014 నుంచి నేషనల్ పార్కులన్నిటిలో నిషేధం.

బెంగ పడకండి, మన తంతు క్రమమే ఇక్కడ ఆదుకుంటుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ అయ్యాకే తలంబ్రాలు, హోమం, సప్తపది వస్తాయి. మాంగల్యధారణ దాకా పార్కులో చేసి, మిగతావి పార్కు బయట హాల్లోనో లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం లాంటి చోటో ముందే మాట్లాడుకుని చేసుకోండి. వరస చెదరదు. అడ్డుతెరను ఇద్దరు చేత్తో పట్టుకుంటారు గనక గుంజలతో పనే లేదు. పీటలకు కింద ఒక చాప చాలు. దీపపు కుంది, కర్పూర హారతి మాత్రం దరఖాస్తులో రాసి అడగండి. పర్మిట్‌లో లేకపోతే వెలిగించవద్దు.

ప్రశ్న వేసినవారు:
కింద దుప్పటి పరిచి తలంబ్రాలు పోసుకుని, ఒక్క గింజ మిగలకుండా ఎత్తేస్తే?

జవాబు:
వద్దండీ. దోసిళ్ళతో పోటాపోటీగా పోసుకుంటుంటే గింజలు దుప్పటి మీదే ఆగవు, గడ్డిలోకి జారుతాయి. ఉడతలు నిమిషంలో వచ్చేస్తాయి. మనుషుల తిండి రుచి మరిగిన జంతువు మళ్ళీ మళ్ళీ మనుషుల దగ్గరికే వస్తుంది, చివరికి ప్రాణాల మీదకు వచ్చేది దానికే. ఎలుగుబంట్ల విషయంలో పార్కు అంత కఠినంగా ఉండేది ఇందుకే. పులిహోర డబ్బాలు, లడ్డూలు చీకటి పడ్డాక కారులో ఉంచకూడదు, అక్కడుండే ఇనుప లాకర్లలో పెట్టాలి. ఎలుగు కారు తలుపును ఊడబెరికేస్తుంది. తమలపాకులో మిగిలిన జీలకర్ర బెల్లం ముద్దను కూడా డబ్బాలో వేసి మూత పెట్టండి.

సామాన్ల గురించి అడిగారు కదా. బియ్యం ఇక్కడి నుంచి తీసుకెళ్ళకండి. ధాన్యాన్ని పాడుచేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా కస్టమ్స్ రానివ్వదు, పసుపు కలిపిన తలంబ్రాల బియ్యమైనా సరే. మామిడాకులు, తమలపాకులు, పచ్చి పూలు కూడా పెట్టుకోవద్దు. పసుపు, కుంకుమ, మంగళసూత్రాలు, మెట్టెలు, మధుపర్కాలు, బాసికాలు సంచిలో వేసుకోండి. తినేవి, మొక్కలకు సంబంధించినవి ఏవి ఉన్నా డిక్లరేషన్‌లో ఉన్నాయనే చెప్పండి, దాస్తే జరిమానా. బియ్యం, దండలు అక్కడ దొరుకుతాయి.

ఇంకో ఖర్చు లెక్కలో పెట్టుకోండి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకు, 16 ఏళ్ళు నిండితే, యోసెమిటీలో ప్రవేశ రుసుము మీద తలకు 100 డాలర్లు అదనం. మీ 12 మందీ పెద్దవాళ్ళైతే అదే 1,200 డాలర్లు.

ఇంకొకరి జవాబు:
పార్కు పర్మిట్ వేరు, మ్యారేజ్ లైసెన్స్ వేరు. కాలిఫోర్నియాలో ఏ కౌంటీ క్లర్క్ దగ్గర తీసుకున్నా రాష్ట్రమంతటా చెల్లుతుంది. ఇద్దరూ కలిసి గుర్తింపు పత్రాలతో స్వయంగా వెళ్ళాలి. తీసుకున్న రోజే వాడుకోవచ్చు, 90 రోజులు చెల్లుతుంది. పెళ్ళి రోజున కనీసం ఒక సాక్షి సంతకం, పురోహితుడి సంతకం పడాలి. దాన్ని 10 రోజుల్లోగా కౌంటీకి తిరిగి పంపే బాధ్యత పురోహితుడిది. ఆయన మరచిపోతే సర్టిఫికెట్ ఆగిపోతుంది, కాబట్టి ఆ కవరు మీరే పోస్టు చేయించండి.

అమ్మాయి ఇంటిపేరు మార్చుకుంటుందా లేదా అన్నది లైసెన్స్ దరఖాస్తులోనే రాయాలి, తర్వాత దిద్దించలేరు. తర్వాత సర్టిఫైడ్ కాపీ తెప్పించుకుని, దాని మీద కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) వేయించండి. ఇక్కడి కార్యాలయాల్లో చూపించడానికి పనికొస్తుంది. రెండు కాపీలు తీసుకోండి.

మరో ప్రశ్న (బంజారాహిల్స్ నుంచి):
అంత దూరం ఎందుకు, మన కేబీఆర్ పార్కులో పర్మిషన్ ఇవ్వరా?

జవాబు:
ఇవ్వరండీ. కేబీఆర్ 1998లో నేషనల్ పార్కు అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం పర్మిట్ ఇచ్చేది వన్యప్రాణుల అధ్యయనానికి, ఫొటోలకు, శాస్త్ర పరిశోధనకు, పర్యాటకానికి, లోపల నివసించేవాళ్ళతో న్యాయబద్ధమైన పనులకు. పెళ్ళి ఆ జాబితాలో లేదు. నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా నేషనల్ పార్కులే, అక్కడా ఇవే సెక్షన్లు. చెట్ల మధ్య చేయాలనుంటే మొయినాబాద్, శామీర్‌పేట వైపు తోటలు చూడండి. అక్కడ హోమమూ ఉంటుంది, తలంబ్రాలూ ఉంటాయి. మైకు మాత్రం రాత్రి 10 కల్లా కట్టేయాలి.