ఐ-140 వచ్చి 160 రోజులు, హెచ్-1బీ ఆరో ఏడు: ఇప్పుడు కంపెనీ మారొచ్చా?

కావలి కుర్రోడు:
ప్రస్తుతం ఊళ్ళో ఉన్నా, మూడు వారాల్లో అమెరికాకు తిరుగు ప్రయాణం. ఈబీ-2 (గ్రీన్ కార్డులో ఒక కేటగిరీ)లో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యి ఇవాళ్టికి 160 రోజులు. 485 (గ్రీన్ కార్డుకి చివరి దరఖాస్తు) ఇంకా వెయ్యలేదు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఆరేళ్ళూ డిసెంబరుతో సరి, పాస్‌పోర్టులో వీసా స్టాంపూ అప్పటిదాకే. కొత్త కంపెనీ వాళ్ళేమో వెంటనే రాజీనామా పంపించు, మిగతాది మేం చూసుకుంటాం అంటున్నారు. పాతవాళ్ళు ఐ-140 వెనక్కి తీసుకుంటే నా డేటు (గ్రీన్ కార్డు క్యూలో నా స్థానం చెప్పే ప్రయారిటీ డేట్) పోతుందా? మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (భార్య వీసా మీద పని చేసుకోనిచ్చే కార్డు) సంగతేంది?

పెన్నా గట్టు:
ముందు ఆ రాజీనామా ఆపు తమ్ముడూ.

డేటు వేరు, హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ వేరు. చాలామంది ఈ రెండూ కలిపేసి భయపడుతుంటారు. ఐ-140 అప్రూవ్ అయిన రోజే డేటు నీదైంది. 180 రోజుల్లోపు విత్‌డ్రా చేసినా అది పోదు. మోసమో, లేబర్ సర్టిఫికేషన్ (పర్మ్ అంటారే, ఐ-140కి ముందు కార్మిక శాఖ ఇచ్చే అనుమతి) రద్దో, అప్రూవల్‌లోనే పెద్ద తప్పో బయటపడితే తప్ప. 180 రోజుల లెక్క ఆరేళ్ళ తర్వాతి హెచ్-1బీ కోసం. అవి నిండాక పాతవాళ్ళు ఏం చేసినా, ఆ ఐ-140 చూపించి కొత్త కంపెనీ మూడేళ్ళు అడగొచ్చు. నిండకముందే విత్‌డ్రా అయితే డేటు చేతిలో ఉంటుంది గానీ డిసెంబరు తర్వాత అక్కడ ఉండే దారి మూసుకుపోతుంది. ఈ లెక్క అప్రూవల్ నోటీసు మీది తేదీ నుంచి, ప్రయారిటీ డేట్ నుంచి కాదు. ఇంకా 20 రోజులుంది, నీ సెలవూ అంతే.

పాత కంపెనీ ఉద్యోగిగానే వెళ్ళు. అక్కడ దిగాక కొత్తవాళ్ళు ఎల్‌సీఏ (జీతం వివరాలతో కార్మిక శాఖకిచ్చే దరఖాస్తు) వేస్తారు, అది 7 పనిదినాలు. తర్వాత హెచ్-1బీ పిటిషన్, నీ చివరి రెండు మూడు పే స్లిప్పులతో. ప్రీమియం (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కడితే 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు (అదనపు కాగితాలు అడిగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది). పిటిషన్ దాఖలైతే చాలు, చేరిపోవచ్చని 2000 నాటి చట్టం చెప్తోంది. కానీ ఆరో ఏట ఉన్నవాడు రిసీట్ నమ్ముకుని దూకకూడదు. అప్రూవల్ చేతికొచ్చాకే రాజీనామా.

స్టాంపు అయిపోయి ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇంకో గండం: 2025 సెప్టెంబరు 21 నుంచి వేసిన కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే ఉండి ఎక్స్‌టెన్షన్ అడిగితే అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు.

ఒంగోలు గిత్త:
ఈ మూడు వారాలూ ఊరికే పోనీకు. కొత్త కంపెనీ పర్మ్ మొదటి నుంచి చెయ్యాలి, దానికి నీ పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు కావాలి. జీతం వివరాలతో ఇచ్చే రిలీవింగ్ లెటర్ పనికిరాదు. లెటర్‌హెడ్ మీద హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఫుల్‌టైమ్ అన్న మాట, ఏ టెక్నాలజీ మీద ఏం పని చేశావో ఉండాలి, కింద సంతకం. కంపెనీ ఇవ్వనంటే అప్పటి మేనేజరుతో నోటరీ అఫిడవిట్. ప్రొవిజనల్ ఒక్కటే పెట్టుకున్నవాళ్ళు యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోండి. మన నెల్లూరు కాలేజీలైతే ఎక్కువ జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు వైపు కాకినాడ.

పుట్టిన సర్టిఫికెట్ కూడా తీసి చూడు. అందులో పేరు గళ్ళో ఏమీ రాయకుండా వదిలేసినవి, అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నవి బోలెడు. 485 వేసేటప్పుడు ఇవే తగులుకుంటాయి. అసలు నమోదే లేకపోతే ఇప్పుడు ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. అలా ఆలస్యంగా నమోదైన దానికి తోడు పదో తరగతి మెమో, నీ పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు రెండు పెట్టు.

బోర్డింగ్ పాసులు పారెయ్యొద్దు. ఇండియాలో ఉన్న పూర్తి రోజులు ఆరేళ్ళ లెక్కలోంచి తీసేయించుకోవచ్చు.

మైపాడు:
ఈఏడీ కంపెనీ పేరుతో ముడిపడి లేదు. నీ ఐ-140 నిలిచి, నీ హెచ్-1బీ, ఆవిడ హెచ్-4 నడుస్తున్నంతకాలం కార్డు పనిచేస్తుంది. కానీ ఆవిడ గడువూ డిసెంబరే అయుంటుంది. నీ పిటిషన్‌తో పాటే 539 (ఆవిడ హెచ్-4 పొడిగింపు), 765 (ఈఏడీ) ఫారాలు వేయించు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కు అంతకుముందు పాత కార్డుకి ఇచ్చిన 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు రాకముందే పాతది అయిపోతే ఆవిడ పని ఆపాల్సిందే.

కావలి కుర్రోడు:
సరే అన్నా, ఆగుతా. ఐ-140 కాపీ అడిగితే పాతవాళ్ళు ఇవ్వట్లేదు, కేసు నంబరు మాత్రం ఇచ్చారు. వెళ్ళిపోతే పర్మ్ ఖర్చు కట్టాలని కూడా అంటున్నారు.

పెన్నా గట్టు:
నంబరుంటే అప్రూవ్‌డ్ అని ఆన్‌లైన్లో కనిపించే పేజీ తేదీతో సహా ప్రింట్ తీసి పెట్టుకో, కొత్త లాయరుకి మొదలుపెట్టడానికి అది చాలు. కాపీ కోసం ఇవాళే యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస విభాగం) సైటులో ఎఫ్ఓఐఏ (మన ఆర్‌టీఐ లాంటిది) దరఖాస్తు పెట్టు, కావలి నుంచైనా పెట్టొచ్చు. ఇక పర్మ్ ప్రకటనల ఖర్చు, కంపెనీ లాయరు ఫీజు ఉద్యోగి నుంచి రాబట్టకూడదని 2007 నుంచి నిబంధన ఉంది. ఖర్చు కట్టాలన్న ఆ మాట ఈమెయిల్లో రాసి పంపమని వాళ్ళనే అడుగు.