తెల్లబట్ట రంగు మారింది, ఎవరికి చూపించాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆ మధ్య పంటి నొప్పికి యాంటీబయాటిక్ వాడాక తెల్లబట్ట విరిగిన పాలలా గడ్డలుగా అవడం, విపరీతమైన దురద మొదలయ్యాయి. వాసన లేదు. మందుల షాపులో ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ 150 ఒక్క మాత్ర ఇచ్చారు. దురద తగ్గింది. ఇప్పుడు మళ్లీ మొదలైంది కానీ తీరు వేరు: పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు, పల్చగా నురగ, నీచు వాసన, మూత్రానికి వెళ్తే మంట. అత్తగారు వేడి చేసిందంటూ సబ్జా నీళ్లు పోస్తున్నారు. అవి తాగడానికి బాగానే ఉన్నాయి, అంతవరకే.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, మధ్యలో రక్తం కనబడటం లేదు. అవి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలని తెలుసు. అవి లేనప్పుడు ఎన్నాళ్లు ఆగవచ్చు? షాపులో మళ్లీ అదే మాత్ర ఇస్తామంటున్నారు, నాకు నమ్మకం లేదు. ఫంగస్‌కు పనిచేసే మందు వేరే క్రిములకు పనిచేయదు కదా. ట్రైకోమోనాస్ అనే, కలయిక వల్ల సోకే క్రిమి అయితే భర్తకూ మందు వాడాలట, నిజమేనా? ఆయనను ఒప్పించడం ఇంకో పని. మా ఇంట్లో షుగర్ ఉంది, ఆ పరీక్ష కూడా చేయించమంటారా?

నెలసరి దగ్గర పడింది. అది అయ్యాక వెళ్లాలా, ముందే వెళ్లాలా? ఒడియాలో కూరగాయలు బేరమాడగలను కానీ ఈ సంగతి చెప్పుకోలేను. పాతపట్నంలో గానీ, బరంపురంలో గానీ తెలుగు మాట్లాడే లేడీ డాక్టరు తెలిస్తే చెప్పండి.