498ఎ మీద చర్చ పెడుతున్నాం, ఎవర్ని ఎక్కడిదాకా మాట్లాడనివ్వాలి?

తెనాలి పాఠకుడు:
అందరికీ నమస్కారం. మా పేటలో చిన్న పాఠకుల సంఘం ఉంది. నెలకోసారి ఏదో ఒక విషయం మీద చర్చ పెడతాం, నలభై యాభై మంది వస్తారు. ఈసారి "498ఎ: రక్షణా? వేధింపా?" అని ఫ్లెక్సీ కట్టాం. అదే, భార్యని భర్త, అత్తింటివాళ్లు హింసిస్తే కేసు పెట్టే పాత శిక్షాస్మృతి సెక్షన్. కట్టిన రెండో రోజే గొడవ మొదలైంది. పురుష హక్కుల వాళ్లిద్దరు వచ్చి మేమూ మాట్లాడతామన్నారు. వాళ్లుంటే మేం రామని మహిళా సంఘం వాళ్లు. పిలవకపోతే వాక్‌స్వాతంత్ర్యం ఏమైందని వీళ్లు. ఇది చాలదన్నట్టు ఒకాయన తన తమ్ముడి కేసు ఎఫ్ఐఆర్ యాభై జిరాక్సులు తీయించి సభలో పంచుతానంటున్నాడు. అందులో మరదలి పేరు, పుట్టింటి అడ్రసు అన్నీ ఉన్నాయి. "నిజమే కదా, నిజం చెబితే తప్పేంటి?" అంటాడు. సభ మానుకోవడం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

గుంటూరు ప్లీడరు:
మానుకోకండి. ముందు ఆ జిరాక్సుల సంగతి తేల్చేద్దాం. సభ బయటా లోపలా ఎక్కడా పంచనివ్వద్దు.

ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది కదా అని ఆయన అడుగుతాడు. చెప్పింది, సున్నితమైనవి మినహాయించి. కాపీ దొరికినంత మాత్రాన దాన్ని ఊరంతా పంచే హక్కు రాదు. పరువునష్టం సెక్షన్ (పాత శిక్షాస్మృతిలో 499, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356) చదవండి. నిజం అయితే చాలదు, ప్రజాప్రయోజనం కోసం చెప్పానని కూడా చూపించాలి. మరదలి పుట్టింటి అడ్రసులో ప్రజాప్రయోజనం ఏముంది? క్రిమినల్ పరువునష్టం చెల్లుతుందని 2016లోనే సుప్రీంకోర్టు తేల్చింది కూడా. ఇక ఆ తమ్ముడి విడాకుల కేసు నడుస్తూ ఉంటే ఆ కాగితాల జోలికి అసలే వెళ్లద్దు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ సంగతులు అచ్చువేయడం, ప్రచురించడం కుదరదు. జరిమానా వెయ్యి రూపాయలే. కానీ అవతలి ప్లీడరు దాన్ని జడ్జిగారి ముందు పెడితే తమ్ముడికే నష్టం. ఆయనకి ఈ చివరి మాట చెప్పి చూడండి, మిగతావన్నీ వినకపోయినా ఇది వింటాడు.

ఇప్పుడు వాక్‌స్వాతంత్ర్యం. రాజ్యాంగంలోని 19(1)(ఎ) ప్రభుత్వం మీద వాడుకునే హక్కు. మీ సంఘం ఎవర్ని పిలవాలో మీ ఇష్టం, పిలవకపోతే ఎవరి హక్కూ పోదు. కాకపోతే ఒక్క పక్షాన్నే కూర్చోబెట్టి దానికి చర్చ అని పేరు పెట్టకండి. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఎని (ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టిన సెక్షన్) కొట్టేసినప్పుడు సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని గట్టిగా ప్రచారం చేయడం, ఎదుటివాళ్లకి ఎంత చేదుగా ఉన్నా సరే, స్వేచ్ఛలో భాగమే. రెచ్చగొట్టడం దగ్గరే ఆపాలి. "498ఎ ఎత్తేయాలి" అననివ్వండి. "ఈ పురుష సంఘాలన్నీ పాత పెత్తనానికి కాపలాదార్లు" అని అవతలివాళ్లనీ అననివ్వండి. "ఫలానా వీధి ఫలానా అమ్మాయి మోసగత్తె" అన్నారా, మైకు తీసేసుకోండి.

పురుష హక్కుల పక్షం నుంచి ఒకరు:
మమ్మల్ని విలన్లలా చూస్తున్నారు కాబట్టి ఒక మాట. మా అన్నయ్య కేసులో మా అమ్మ ఏ3, అంటే మూడో నిందితురాలు. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేది. కాగితాలన్నీ ఒక బట్టల షాపు కవర్లో. సాయంత్రం దాకా వరండాలో నిలబడితే మళ్లీ ఇంకో తేదీ. ఇది చెప్పుకోవడానికి కూడా మాకు చోటు లేదా? 2005లో సుప్రీంకోర్టే దీన్ని "చట్టపరమైన ఉగ్రవాదం" అంది కదా.

మాజీ కౌన్సెలర్:
అమ్మగారి సంగతి సభలో తప్పకుండా చెప్పండి బాబూ. పేర్లు లేకుండా చెబితే ఇంకా బలంగా వినిపిస్తుంది. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పులో ఒక లెక్క ఉంది. 2012లో ఈ సెక్షన్ కింద 1,97,762 మందిని అరెస్టు చేస్తే అందులో 47,951 మంది ఆడవాళ్లే. అంటే నాలుగో వంతు అత్తలు, ఆడపడుచులు. మా మహిళా సంఘాల వాళ్లు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలని నేనెప్పుడూ పోట్లాడతాను.

కానీ 2005 తీర్పుని మీరు సగమే తెచ్చారు. సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని వేసిన పిటిషన్‌ని ఆ తీర్పే కొట్టేసింది. సెక్షన్ చెల్లుతుంది, దుర్వినియోగం చేస్తే మాత్రం ఉగ్రవాదంలా మారుతుంది అన్నారు. 2024 డిసెంబరు 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ఇచ్చిన తీర్పు కూడా అంతే. అది మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసు. వివరాలేమీ లేకుండా అత్తింటివాళ్లందర్నీ ఇరికించారని కేసు కొట్టేశారు. కొట్టేసిన ఆ పేరా ఫోన్లన్నీ తిరిగింది. క్రూరత్వం అనుభవించిన స్త్రీ నోరు మూసుకుని ఉండాలని మా అర్థం కాదు అని అందులోనే రాశారు. ఆ మాట మాత్రం నాకు ఎవరూ పంపలేదు.

అర్నేష్ కుమార్ తీర్పులోనే శిక్ష పడేది 15 శాతమని ఉంది. మిగతా 85 శాతం దొంగకేసులని మీ వాళ్లు సభలో చెబుతారు, చూడండి. కౌన్సెలింగ్ కేంద్రంలో పదకొండేళ్లు కూర్చున్నదాన్ని, కేసులు ఎలా వీగిపోతాయో చూశాను. పిల్ల పెళ్లీడుకొచ్చిందనో, నాన్నకి ఇక తిరిగే ఓపిక లేదనో రాజీ పడతారు. సాక్ష్యం చెప్పాల్సిన రోజున "నాకేం గుర్తులేదండీ" అంటారు. అందులో అబద్ధపు కేసులు లేవని కాదు, ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఆ 15 శాతం నుంచి తేలదు.

గుంటూరు ప్లీడరు:
మేడమ్ చెప్పినదానికి మన దగ్గర ఇంకో కారణం కలపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచే 498ఎలో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించారు. రాజీ అయితే చట్టం దృష్టిలో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. లోక్ అదాలత్‌లో సామాన్లు, డబ్బులు లెక్క చూసుకుని సంతకాలు పెట్టినవాళ్లు కూడా బయటికొచ్చి "కేసు కొట్టేశారు" అనే చెబుతారు.

41ఎ నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకి రమ్మని పోలీసులు ఇచ్చేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3)) గురించి సభలో ఎవరైనా చెబితే బాగుంటుంది. అర్నేష్ కుమార్ తర్వాత ఫిర్యాదు రాగానే అందర్నీ పట్టుకెళ్లడం కుదరదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాతలో చూపాలి. చాలామంది మగవాళ్లకి ఈ సంగతి తెలియక భయంతోనే డబ్బు కట్టేస్తుంటారు. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి 498ఎ బదులు న్యాయ సంహితలో సెక్షన్ నంబర్లు 85, 86. ఫ్లెక్సీ మీద పాత నంబరే ఉంచండి, జనానికి తెలిసింది అదే.

తెనాలి పాఠకుడు:
చాలా థాంక్సండీ. ఇంకో చిక్కు. ఏటా ఇంతమంది మగవాళ్లు ఆత్మహత్య చేసుకుంటున్నారు, ఇదంతా 498ఎ వల్లే అని ఒక వక్త బోర్డు తెస్తానంటున్నాడు. తేనివ్వాలా?

మాజీ కౌన్సెలర్:
తేనివ్వండి. పక్కనే రెండో బోర్డుకి చోటుంచండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) 2022 లెక్కలో ఆత్మహత్య చేసుకున్న 1.7 లక్షల మందిలో పదికి ఏడుగురు మగవాళ్లే, అది నిజం. అదే పుస్తకంలో కారణాల పట్టిక ఉంది. ఆడామగా అందరిలో కలిపి పెళ్లికి సంబంధించిన సమస్యలు 4.8 శాతం, ఇతర కుటుంబ సమస్యలు 31.7 శాతం. అప్పు, జబ్బు, మందు వేరే. మగవాళ్ల చావుల గురించి మాట్లాడాల్సిందే. అన్నీ ఒక్క సెక్షన్ ఖాతాలో వేస్తే మిగతావాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఆడవాళ్ల వైపు బోర్డుకి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చాలు. పెళ్లయిన స్త్రీలలో వందకి 29 మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. తెలంగాణలో అది 37 దాకా ఉంది. అందులో స్టేషన్ మెట్లెక్కేది ఎంతమందో మా కేంద్రంలో కూర్చుంటే తెలుస్తుంది.

నాకు అసలు అభ్యంతరం మీ ఫ్లెక్సీ మీదే. "రక్షణా? వేధింపా?" అంటే కోడిపందెం బోర్డులా ఉంది. వచ్చేవాడు ఏదో ఒక పుంజు మీద పందెం కాసే కూర్చుంటాడు. "498ఎ: అరెస్టు, విచారణ, రాజీ - ఏం మారాలి?" అని వేయండి. అప్పుడు మహిళా సంఘం వాళ్లతో నేను మాట్లాడతాను. వాళ్ల భయం పురుష హక్కుల వాళ్ల వాదన గురించి కాదు. పోయినసారి ఎక్కడో సభ అయ్యాక ఒకమ్మాయి ఫొటో తీసి వెకిలి రాతలతో తిప్పారు. ఫొటోలు, వీడియోలు వద్దని గుమ్మం దగ్గరే బోర్డు పెడితే సగం మంది వస్తారు.

తెనాలి పాఠకుడు:
ఫ్లెక్సీ మార్పించాను, మూడొందల యాభై అయింది. జిరాక్సుల ఆయనతో రాత్రి గంటసేపు మాట్లాడాను. 22వ సెక్షన్ అనగానే మెత్తబడ్డాడు. పేర్లు, అడ్రసు లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడతానన్నాడు. ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టెలో వేయమంటున్నాం, పేర్లున్న చీటీ చదవం. మహిళా సంఘం నుంచి ముగ్గురు వస్తామన్నారు, ముందు వరసలో కూర్చోబోమని షరతు. వెనక ఫ్యాను కింద వేస్తున్నాం వాళ్ల కుర్చీలు.